న్యూయార్క్‌లో ఉద్యోగం, న్యూజెర్సీలో ఇల్లు: ఏ ఊళ్లో?

ప్రశ్న: మేం జెర్సీ సిటీలో జర్నల్ స్క్వేర్ దగ్గర రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో అద్దెకుంటున్నాం. నా ఆఫీసు వరల్డ్ ట్రేడ్ సెంటర్ పక్కనే. వారంలో నాలుగు రోజులు వెళ్లాలి. మావారి ఆఫీసు బ్రిడ్జ్‌వాటర్‌లో. మూడు రోజులు కారులో వెళ్తారు. పాపకి నాలుగు నిండాయి, వచ్చే సెప్టెంబర్‌లో కిండర్‌గార్టెన్. బాబుకి ఏడాదిన్నర. అత్తగారు, మామగారు ఏటా ఆర్నెల్లు మా దగ్గర ఉంటారు. స్కూళ్ల కోసం వెస్ట్ విండ్సర్ వెళ్లమని ఫ్రెండ్స్ అంటున్నారు. సౌత్ బ్రన్స్‌విక్‌లో కొత్త ఇల్లు కొందామని ఈయన పట్టుదల. నా మనసు ఎడిసన్ వైపు ఉంది గానీ, "అమెరికా వచ్చి అమీర్‌పేటలో ఉన్నట్టుంటుంది" అని అందరూ తీసిపారేస్తున్నారు. ఇద్దరం హెచ్-1బి మీదే ఉన్నాం. పిల్లలకి ఏ ఊరు మంచిది?
(జెర్సీ సిటీ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో పాప ఉంది, బాబు ఉన్నాడు, అత్తమామలున్నారు, మీవారి ఇంటి ముచ్చట ఉంది. రోజూ న్యూయార్క్ వెళ్లి రావాల్సిన మనిషి గురించి మాత్రం ఆఫీసు ఎక్కడో, ఎన్ని రోజులు వెళ్లాలో తప్ప ఇంకేం లేదు. మీరు చెప్పిన మూడు ఊళ్లలో ఏది ఎంచుకున్నా ఎక్కువ దూరం మోసేది మీరే. ఇప్పుడు హడ్సన్ నది కింది నుంచి మాన్‌హాటన్‌కి నడిచే పాత్ రైలు ఎక్కితే పావుగంటలో ఆఫీసు ముందు దిగుతున్నారు. ఇల్లు మారాక అది ఎంతవుతుందో ముందు లెక్క చూద్దాం. పిల్లలకి ఏ ఊరు మంచిదో ఆ లెక్కలోంచే తేలుతుంది.

రియల్టర్లు చెప్పే "స్టేషన్‌కి ఐదు నిమిషాలు, న్యూయార్క్‌కి గంట" అన్న మాట మీకు పనికిరాదు. వాళ్లు చెప్పేది మాన్‌హాటన్ మధ్యభాగం, అంటే మిడ్‌టౌన్‌లోని పెన్ స్టేషన్ దాకా. మీ ఆఫీసు ఉన్నది మాన్‌హాటన్ దక్షిణ కొసన, డౌన్‌టౌన్‌లో. ఈ ఊళ్ల మీదుగా న్యూయార్క్ వెళ్లే ముఖ్యమైన రైలు మార్గం నార్త్‌ఈస్ట్ కారిడార్ లైన్, దాని మీద ఏ ఊరి నుంచి వచ్చినా మీరు న్యూవార్క్ పెన్ స్టేషన్‌లో దిగి పాత్ రైలు మారితే నేరుగా వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో తేలతారు. న్యూవార్క్ నుంచి అక్కడికి సుమారు పాతిక నిమిషాలు. ఇంటి నుంచి స్టేషన్, కారు పెట్టుకోవడం, ప్లాట్‌ఫాం మీద నిలబడటం, న్యూవార్క్‌లో మారడం, చివర్లో నడక, ఇవన్నీ కలిపితేనే అసలు ప్రయాణం. వెస్ట్ విండ్సర్‌లో ఉన్న స్టేషన్ ప్రిన్స్‌టన్ జంక్షన్. అక్కడి నుంచి న్యూవార్క్‌కే ముప్పావుగంట పైన పడుతుంది. మొత్తం కలిపితే గుమ్మం నుంచి గుమ్మానికి రెండు గంటలకు కాస్త తక్కువ. అదే మెట్రోపార్క్, మెటచెన్, ఎడిసన్ స్టేషన్ల నుంచయితే గంటన్నరకి అటూ ఇటూ. ఒక పూటకి పాతిక ముప్పై నిమిషాల తేడా అంటే రోజుకి దాదాపు గంట, వారానికి నాలుగు గంటలు. మీ బాబు ఏడున్నర, ఎనిమిదికల్లా నిద్రపోయే వయసులో ఉన్నాడు. ఆ నాలుగు గంటలూ వాడు మేలుకుని ఉండగా మీరు ఇంట్లో గడిపే సమయంలోంచే పోతాయి.

సౌత్ బ్రన్స్‌విక్‌లో రైలు స్టేషన్ లేదు. న్యూయార్క్‌కి బస్సులున్నాయి, టర్న్‌పైక్ అనే టోల్ హైవే మీదుగా వెళ్తాయి. మిడ్‌టౌన్‌లో ఉద్యోగాలున్నవాళ్లు చాలామంది వాటిని నమ్ముకుని హాయిగానే బతుకుతున్నారు, ఎందుకంటే ఎక్కువ బస్సులు మిడ్‌టౌన్‌లోని పోర్ట్ అథారిటీ బస్ టెర్మినల్‌కే పోతాయి. మీరు అక్కడ దిగి మళ్లీ సబ్‌వే పట్టుకుని డౌన్‌టౌన్‌కి రావాలి. లేదంటే కారేసుకుని న్యూ బ్రన్స్‌విక్ గానీ, ప్రిన్స్‌టన్ జంక్షన్ గానీ వెళ్లి రైలెక్కాలి. రెండూ చేయగలిగినవే, కానీ నాలుగు రోజులూ చేయగలిగినవి కావు.

న్యూజెర్సీలో కాపురం పెట్టాలనుకునేవాళ్లు ఈ రైళ్ల సంగతి కొంచెం లోతుగా తెలుసుకోవాలి. న్యూవార్క్ దాటాక నార్త్‌ఈస్ట్ కారిడార్ రైళ్లు హ్యాకెన్‌సాక్ నది మీద పోర్టల్ బ్రిడ్జి దాటి, హడ్సన్ నది కింద సొరంగాల్లోంచి మాన్‌హాటన్‌లోకి వెళ్తాయి. ఆ పాత వంతెన, ఆ సొరంగాలు 1910 నాటివి. వంతెన పడవల కోసం పక్కకి తిరిగే రకం. తిరిగాక మళ్లీ సరిగ్గా మూసుకోక రైళ్లు ఆగిపోయిన రోజులు ఎన్నో. సొరంగాల్లోకి 2012లో శాండీ తుఫానుకి ఉప్పునీరు చేరింది, ఆ దెబ్బ ఇంకా వదల్లేదు. కొత్త వంతెన, కొత్త సొరంగాల పని నడుస్తోంది గానీ అదంతా పూర్తయ్యేసరికి మీ పిల్లలు చాలా పెద్దవాళ్లవుతారు. మీకు ఇందులో కలిసొచ్చేది ఒకటుంది. మీరు న్యూవార్క్‌లోనే దిగిపోతారు. పాత్ రైళ్లకి వేరే దారి, వేరే సొరంగాలు. మిడ్‌టౌన్ వెళ్లేవాళ్లు రైల్లో చిక్కుకుపోయిన సాయంత్రాల్లో కూడా మీకు న్యూవార్క్ దాకా ఒక దారి ఉంటుంది. అక్కడ ఎక్కాల్సిన రైలు ఆలస్యమైతే మీరూ ఆగాల్సిందే, అది తప్పదు. అయినా డౌన్‌టౌన్ ఆఫీసు మీకు లాభమే.

ఇదే కారణంతో మీ జాబితాలో లేని ఊళ్లు కొన్ని చూడమంటాను. రారిటన్ వ్యాలీ లైన్ మీద క్రాన్‌ఫర్డ్, వెస్ట్‌ఫీల్డ్, ఫ్యాన్‌వుడ్, డునెలెన్, సోమర్‌విల్ ఉన్నాయి. రద్దీ వేళల్లో ఆ లైన్ రైళ్లు న్యూయార్క్ దాకా వెళ్లవు, న్యూవార్క్‌లో దిగి మారాలి. అందుకని మనవాళ్లు చాలామంది వాటిని అసలు లెక్కలోకే తీసుకోరు. మీరు ఎలాగూ న్యూవార్క్‌లో మారతారు కదా, కాబట్టి ఆ లోటు మీకు వర్తించదు. పైగా ఆ లైన్ బ్రిడ్జ్‌వాటర్ వైపే పోతుంది, మీవారి ఆఫీసు వైపు. స్కాచ్ ప్లెయిన్స్, ఫ్యాన్‌వుడ్ కలిసి ఒకే స్కూల్ డిస్ట్రిక్టు, పిల్లలకి మంచి చోటు. వెస్ట్‌ఫీల్డ్ ఇంకా పేరున్న ఊరు, ధరలూ ఆ స్థాయిలోనే ఉంటాయి. ఈ లైన్‌తో ఉన్న ఇబ్బంది రైళ్ల సంఖ్య. మధ్యాహ్నం పూట ఇంచుమించు గంటకొకటి. ఒకటి తప్పిపోయిందంటే స్టేషన్‌లో కూర్చోవాలి. నార్త్‌ఈస్ట్ కారిడార్ మీద, ముఖ్యంగా మెట్రోపార్క్‌లో, ఆ బాధ చాలా తక్కువ.

మధ్యాహ్నం పూట రైలు గురించి ఎందుకు చెబుతున్నానంటే, చిన్న పిల్లలున్న ఇంటికి ఊరు సరిపడిందా లేదా తేలేది పొద్దున ఏడింటికి కాదు. పన్నెండున్నరకి డేకేర్ నుంచి ఫోన్ వస్తుంది: బాబుకి జ్వరం, వచ్చి తీసుకెళ్లండి. చాలా డేకేర్లు జ్వరం తగ్గి ఇరవై నాలుగు గంటలు గడిచేదాకా మళ్లీ రానివ్వవు కూడా. ఆ ఫోన్ వచ్చిన రోజు ఎవరు వెళ్తారు? మీవారు బ్రిడ్జ్‌వాటర్‌లో ఉంటే ఎడిసన్, మెటచెన్ వైపు ఇంటర్‌స్టేట్ 287 మీద నేరుగా వచ్చేయొచ్చు. వెస్ట్ విండ్సర్ అయితే 206 రోడ్డు పట్టుకుని హిల్స్‌బరో, మాంట్‌గామరీ, ప్రిన్స్‌టన్ ఊళ్ల మధ్యలోంచి సిగ్నళ్లు దాటుకుంటూ రావాలి. సాయంత్రం ఇంకో గడువు ఉంది. డేకేర్లు, స్కూల్ ఆఫ్టర్‌కేర్ (బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే చోటు) సాధారణంగా ఆరుకో ఆరున్నరకో మూసేస్తారు, ఆలస్యమైతే నిమిషాల లెక్కన జరిమానా వేసేవి ఉన్నాయి. ప్రిన్స్‌టన్ జంక్షన్ నుంచి ఆరుంపావుకి పిల్లల్ని తీసుకోవాలంటే మీరు నాలుగున్నర లోపే ఆఫీసులోంచి లేవాలి. మీ మేనేజర్ ఒప్పుకుంటారా? వారానికి నాలుగు రోజులు, ఏళ్ల తరబడి?

అందుకే ఊరి పేరు తేల్చుకునే ముందు మీరిద్దరూ కూర్చుని ఒకటి తేల్చుకోండి. మీరు న్యూయార్క్‌లో ఉన్న నాలుగు రోజులూ సాయంత్రం పిల్లల్ని తెచ్చే బాధ్యత మీవారిది. "వీలైతే నేను తెస్తాలే" అంటే కుదరదు, ఆ పని పూర్తిగా ఆయనదే అని ఒప్పుకోవాలి. ఆయన ఆఫీసుకి వెళ్లేది మూడు రోజులే, కారు ఆయన చేతిలో ఉంటుంది. ఈ మాట ఇప్పుడు అనుకోకపోతే ఊరు మారిన కొన్ని నెలలకి ఇంట్లో ఎవరో ఒకరు ఉద్యోగం మానాల్సొస్తుందన్న చర్చ మొదలవుతుంది. ఆ చర్చ ఎటు తిరుగుతుందో మనకి తెలుసు. పెద్ద చదువులు చదివి, మంచి ఉద్యోగాలు చేస్తున్న మన ఆడపిల్లలు "కమ్యూట్ కుదరక" ఇంట్లో కూర్చున్న ఇళ్లు ఈ చుట్టుపక్కల చాలా చూశాను. ఆ ఇళ్లలో ఎవరూ కావాలని అన్యాయం చేయలేదు. ఇల్లు కొన్న రోజున రైలు సంగతి ఎవరూ పట్టించుకోలేదు, అంతే.

అత్తమామలున్న ఆర్నెల్లూ ఇవేవీ మీకు తెలియవు. వాళ్లుంటే బాబుకి వేళకి అన్నం, పాపకి కథలు, మీకు నిశ్చింత. మీరు లెక్క వేసుకోవాల్సింది వాళ్లు వెళ్లిపోయిన మిగతా ఆర్నెల్లకి. డేకేర్లో సీటు మన వీలుని బట్టి ఆర్నెల్లకే దొరకదు, ఏడాది పొడుగునా ఉంచుకోవాల్సిందే.

ఆ ఆర్నెల్లు వాళ్లు ఎలా గడుపుతారో కూడా చూడాలి. మీ మామగారు ఊళ్లో పొద్దున్నే లేచి నడిచి, పాల ప్యాకెట్ తెచ్చి, నలుగురితో మాట్లాడి వచ్చే మనిషి అయ్యుంటారు. ఇక్కడ కొత్తగా కట్టిన పెద్ద పెద్ద కాలనీల్లో ఇల్లు అద్దంలా ఉంటుంది, కాలనీ గేటు దాటితే కాలిబాట కూడా ఉండదు. కారు నడపలేనివాళ్లు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చోవాలి. చలికాలం అయితే అదీ కష్టం. సౌత్ బ్రన్స్‌విక్ మంచి ఊరే, మన కుటుంబాలు చాలా ఉన్నాయి, స్కూళ్లూ బాగుంటాయి. కానీ ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు కారు దిగి అత్తగారి నడకతో పావుగంట నడిచి చూడండి. ఏదైనా దుకాణం వచ్చిందా, పార్కు వచ్చిందా, ఇంకో పెద్దాయన ఎదురుపడ్డాడా?

ఎడిసన్‌ని "అమీర్‌పేట" అని తీసిపారేసేవాళ్ల మాట ఇక్కడే వదిలేయండి. ఎడిసన్, ఐసెలిన్ మధ్య ఓక్ ట్రీ రోడ్డు మీద కూరగాయల కొట్టు, టిఫిన్ హోటల్, మందుల షాపు, గుడి అన్నీ ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఇల్లయితే మీ అత్తగారు ఎవరినీ అడగకుండా గుడికి వెళ్లి రాగలరు. భాష రాని దేశంలో అరవై దాటిన మనిషికి అది చిన్న విషయం కాదు. బ్రిడ్జ్‌వాటర్ వేంకటేశ్వరస్వామి గుడికి వారాంతంలో కారులో వెళ్లొచ్చు. పిల్లలు "అచ్చం ఇండియాలో" పెరిగిపోతారన్న భయం కూడా అక్కర్లేదు. వాళ్లు ఎక్కడున్నా అమెరికా పిల్లల్లాగే పెరుగుతారు. తెలుగు మాట్లాడే తోటి పిల్లలు ఉండటం వల్ల పోయేదేమీ లేదు.

ఇక స్కూళ్లు. వెస్ట్ విండ్సర్-ప్లెయిన్స్‌బరో డిస్ట్రిక్టుకి ఉన్న పేరు నిజమైనదే. దాంతోపాటు ఇంకో నిజం కూడా తెలుసుకోండి. 2015లో ఆ డిస్ట్రిక్టు సూపరింటెండెంటే పిల్లల మీద చదువు ఒత్తిడి మితిమీరిందని తల్లిదండ్రులకి పెద్ద లేఖ రాశారు. హైస్కూల్లో మిడ్‌టర్మ్, ఫైనల్ పరీక్షలు తీసేశారు, హోంవర్క్ లేని రాత్రులు పెట్టారు. దాని మీద తల్లిదండ్రులే రెండు వర్గాలుగా చీలిపోయారు. పేరున్న ప్రతి డిస్ట్రిక్టులోనూ ఈ ఒత్తిడి ఎంతో కొంత ఉంటుంది, ఎడిసన్‌లో లేదని నేను అనను. నాలుగేళ్ల పాపకి హైస్కూల్ ర్యాంకు చూసి ఊరు ఎంచుకోవడం మాత్రం తొందరపాటు. ఇప్పుడు ఆమెకి కావాల్సింది దగ్గర్లో మంచి ఎలిమెంటరీ స్కూలు, స్కూల్లోనే ఆఫ్టర్‌కేర్, సాయంత్రం అలసిపోకుండా ఇంటికొచ్చే అమ్మానాన్నా. ఏ డిస్ట్రిక్టుకైనా ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: కిండర్‌గార్టెన్ పూర్తి రోజా, సగం రోజా? ఆఫ్టర్‌కేర్ ఆ స్కూల్లోనే ఉందా, వెయిటింగ్ లిస్టు ఎంత? ఐదేళ్లు ఏ తేదీకి నిండాలి? ఆ తేదీ చాలాచోట్ల అక్టోబర్ 1.

అడ్రసుల విషయంలో జాగ్రత్త. న్యూజెర్సీలో పోస్టల్ అడ్రసు వేరు, టౌన్‌షిప్ వేరు, స్కూల్ డిస్ట్రిక్టు వేరు. "ప్రిన్స్‌టన్" అని అడ్రసు ఉన్న ఇళ్లు సౌత్ బ్రన్స్‌విక్‌లో ఉన్నాయి, లారెన్స్‌లో ఉన్నాయి, వాటి పిల్లలు ప్రిన్స్‌టన్ స్కూళ్లకి వెళ్లరు. మన్‌మత్ జంక్షన్ అన్న పేరు చూసి మన్‌మత్ కౌంటీ అనుకునేవాళ్లున్నారు, అది మిడిల్‌సెక్స్ కౌంటీలో సౌత్ బ్రన్స్‌విక్‌లోని భాగం. మెట్రోపార్క్ స్టేషన్ ఉన్న ఐసెలిన్ ఎడిసన్ కాదు, వుడ్‌బ్రిడ్జ్ టౌన్‌షిప్. ఎడిసన్‌లోనే రెండు హైస్కూళ్లున్నాయి, ఎడిసన్ హై, జె.పి. స్టీవెన్స్. ఉత్తరం వైపు ఇళ్ల ధర ఎక్కువుండటానికి ఆ రెండో పేరే ఒక కారణం. హద్దులు ఎప్పటికీ ఒకేలా ఉంటాయన్న హామీ లేదు. ఇంటి నంబరు చెప్పి ఏ స్కూలు వస్తుందో డిస్ట్రిక్టు ఆఫీసులోనే కనుక్కోండి. ప్రకటనలో రాసింది నమ్మొద్దు.

మీవారి పట్టుదల గురించి. సొంత ఇల్లు కావాలనుకోవడం తప్పు కాదు. కానీ ఈ ఏడాది కొనొద్దు. మీరిద్దరూ హెచ్-1బి మీద ఉన్నారు. ఒకరి ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి మామూలుగా అరవై రోజులు గడువు. రెండు జీతాల మీద నడిచే మార్ట్‌గేజ్‌ని ఆ అరవై రోజుల్లో ఒక్క జీతంతో లాగగలరా అన్నది ముందు చూసుకోండి. రాష్ట్రంలో సగటు ప్రాపర్టీ టాక్స్ బిల్లు 2024లో పది వేల డాలర్లు దాటింది, మంచి స్కూళ్లున్న టౌన్లలో అంతకన్నా ఎక్కువ. అప్పు తీరాకా అది తీరదు. రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపు పరిమితిని 2025 చట్టం పది వేల నుంచి నలభై వేల డాలర్లకి పెంచింది కాబట్టి కొంత ఊరట ఉంటుంది, అయినా కట్టాల్సింది ముందు కట్టాలి. కొత్త కాలనీల్లో అసోసియేషన్ ఫీజు అదనం. మీ న్యూయార్క్ ఆదాయపు పన్ను మాత్రం న్యూజెర్సీలో ఏ ఊరికి మారినా మారదు, దాని గురించి ఎవరేం చెప్పినా కంగారు పడకండి.

ఇంకో ఖర్చు ఎవరూ చెప్పరు. న్యూజెర్సీ సుప్రీంకోర్టు 1998లో అబ్బాట్ కేసులో ఇచ్చిన తీర్పు వల్ల జెర్సీ సిటీ లాంటి కొన్ని డిస్ట్రిక్టుల్లో మూడు, నాలుగేళ్ల పిల్లలకి ఉచిత ప్రీస్కూల్ ఉంది. మీ పాప ఇప్పుడు వెళ్తున్నది బహుశా అదే అయ్యుంటుంది. సబర్బన్ టౌన్లలో చాలా చోట్ల అది అందరికీ దొరకదు. బాబుకి ఐదేళ్లు వచ్చేదాకా ప్రైవేటు డేకేర్ డబ్బు పెట్టాలి. కొత్త బడ్జెట్‌లో ముందు ఈ ఖర్చు రాసుకోండి, ఆ తర్వాతే ఇంటి ధర చూడండి.

ఎప్పుడో ఒకరోజు కొంటారు కదా, అప్పటికి గుర్తుంచుకోండి. మధ్య న్యూజెర్సీలో వరద నిజమైన ముప్పు. 2021 సెప్టెంబర్‌లో ఐడా తుఫాను అవశేషాలకి మాన్‌విల్, బౌండ్ బ్రూక్ మునిగాయి, క్రాన్‌ఫర్డ్‌లోనూ నీళ్లొచ్చాయి. 2024 మార్చి నుంచి అమ్మేవాళ్లు వరద చరిత్ర రాతపూర్వకంగా చెప్పి తీరాలని రాష్ట్ర చట్టం ఉంది, ఆ కాగితం అడిగి తీసుకోండి. మామూలు ఇంటి ఇన్సూరెన్స్ వరదకి వర్తించదు. పాత ఇల్లయితే భూమిలో పాత ఆయిల్ ట్యాంకు ఉందేమో చూపించాలి, భూమిలోంచి ఇంట్లోకి వచ్చే హానికరమైన వాయువు రేడాన్ ఉందేమో పరీక్ష చేయించాలి. సంతకం పెట్టాక మూడు పని దినాల అటార్నీ రివ్యూ, అంటే లాయరు ఒప్పందాన్ని పరిశీలించే గడువు ఉంటుంది, ఆ మూడు రోజుల్ని వాడుకోండి.

ఇప్పుడు మీరడిగినదానికి నా జవాబు: మెటచెన్ గానీ, మెట్రోపార్క్‌కి దగ్గరగా ఎడిసన్ ఉత్తర భాగం గానీ. రెండింటిలో ముందు మెటచెన్ చూడండి. నాలుగు వైపులా ఎడిసనే చుట్టుకున్న చిన్న పట్టణం అది. సొంత స్కూల్ డిస్ట్రిక్టు, ఊరి మధ్యలో స్టేషన్, దాని చుట్టూ నడిచి తిరగగల దుకాణాల వీధి. మీవారికి 287 పక్కనే. ఓక్ ట్రీ రోడ్డు కారులో కాసేపట్లో వస్తుంది. అద్దె ఇళ్లు తక్కువ, ఓపిగ్గా వెతకాలి. అక్కడ దొరక్కపోతే ఎడిసన్‌లో ఓక్ ట్రీ రోడ్డుకి నడిచి వెళ్లగల చోట తీసుకోండి. స్టేషన్‌కి కారులో వెళ్లాల్సి వస్తే పార్కింగ్ సంగతి ముందే కనుక్కోండి. చాలా టౌన్లలో స్టేషన్ పార్కింగ్ పెర్మిట్‌కి పెద్ద వెయిటింగ్ లిస్టులుంటాయి. మెట్రోపార్క్‌లో పెద్ద పార్కింగ్ డెక్కులున్నాయి, రోజువారీ డబ్బు కట్టి పెట్టుకోవచ్చు. పెర్మిట్ కోసం ఇల్లు మారిన మొదటి వారంలోనే పేరు రాయించండి.

ఒక ఏడాది అద్దెకుండి చూడండి. ఆ ఏడాది తిరిగేసరికి ఆ ప్రయాణం మీకు సరిపడిందో లేదో మీకే తెలుస్తుంది. సరిపడకపోతే వెస్ట్‌ఫీల్డ్, ఫ్యాన్‌వుడ్ వైపు జరగొచ్చు, లేదా అప్పటికి మీ ఆఫీసే మిడ్‌టౌన్‌కి మారొచ్చు, అప్పుడు ఈ లెక్క మొత్తం మళ్లీ వేయాలి. మీవారు ఒప్పుకోకపోతే వాదించకండి. ఆయన్ని ఒక్క పనిదినం మీ చోట పెట్టండి. పొద్దున ప్రిన్స్‌టన్ జంక్షన్‌లో రైలెక్కి మీ ఆఫీసు దాకా వెళ్లి, సాయంత్రం ఐదింటికి అక్కడి నుంచి బయల్దేరి మళ్లీ అదే స్టేషన్‌లో దిగమనండి. ఆ తర్వాత ఇంకో రోజు మెటచెన్ నుంచి. వర్షం పడే రోజయితే ఇంకా మంచిది.

ఈ రైళ్లు నడిపే రాష్ట్ర సంస్థ ఎన్‌జే ట్రాన్సిట్‌లో 2025 మేలో రైలు ఇంజినీర్లు (రైలు నడిపేవాళ్లు) సమ్మె చేసినప్పుడు నాలుగు రోజులు రాష్ట్రమంతటా ఆ రైళ్లు నడవలేదు. అలాంటి రోజున న్యూవార్క్ దాకా ఎలా చేరతారో, ఇంటి నుంచి పని చేయడానికి ఆఫీసు ఒప్పుకుంటుందో లేదో ముందే అడిగి పెట్టుకోండి. నెల పాసు ఖర్చు వేసుకునేటప్పుడు పాత్ టికెట్ వేరుగా కలపడం మరిచిపోవద్దు. ఎన్‌జే ట్రాన్సిట్ 2024 జూలైలో ఛార్జీలు 15 శాతం పెంచింది, ఆ తర్వాత ఏటా 3 శాతం పెంచేలా నిర్ణయించింది.

కిండర్‌గార్టెన్ రిజిస్ట్రేషన్ చాలా డిస్ట్రిక్టుల్లో జనవరి, మార్చి మధ్య మొదలవుతుంది. నివాసానికి రుజువుగా అద్దె ఒప్పందం సరిపోతుంది, కానీ అది చేతిలో ఉంటేనే పేరు రాస్తారు. ఆఫ్టర్‌కేర్ సీట్లు కూడా ముందొచ్చినవాళ్లకే. కాబట్టి ఇప్పటి నుంచే మెటచెన్, ఎడిసన్ స్కూల్ ఆఫీసులకి ఫోన్ చేసి తేదీలు రాసుకోండి, వసంతంలో ఇల్లు వెతికి జూన్ నుంచి లీజు మొదలయ్యేలా చూసుకోండి. మీ జెర్సీ సిటీ లీజు ఎప్పుడు ముగుస్తుందో ఈ రాత్రే తీసి చూడండి. చాలా లీజుల్లో ఖాళీ చేస్తున్నామని అరవై రోజుల ముందు రాసి ఇవ్వాలని ఉంటుంది.